పోతే పోనీ అనగలిగితేనే అది బాంబు రోబో

రక్షణ రంగం ఎగ్జిబిషన్ ఎక్కడ పెట్టినా బాంబు తీసే రోబో స్టాల్ ముందు జనం మూగుతారు. పిల్లలు దాని ఇనప చేతికి షేక్‌హ్యాండ్ ఇస్తారు, ఆపరేటర్ దానితో ఒక నీళ్ల సీసా పట్టించి గాల్లోకి ఎత్తించి చూపిస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీసి వీడియోలు తీసుకుంటారు. పక్కన బోర్డు మీద బరువెంత, కెమెరాలెన్ని, మెట్లెక్కుతుందా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, అన్నీ రాసి ఉంటాయి. నాకు కావలసిన లెక్క మాత్రం ఏ బోర్డు మీదా కనపడదు: ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని పేలిపోయాయి? ఆ మాట అడిగితే స్టాల్లో కుర్రాడు కాస్త నొచ్చుకుంటాడు. "ఒక్కటి కూడా డ్యామేజ్ అవలేదు సార్" అంటాడు గర్వంగా.

నా అనుమానం అక్కడే మొదలవుతుంది. బాంబుల దగ్గరికి వెళ్లడం కోసమే పుట్టిన యంత్రం ఏళ్ల తరబడి ఒక్కటీ పోకుండా ఉందంటే, ఎక్కువగా వాడి ఉండరు, లేదా నిజంగా ప్రమాదం ఉన్నప్పుడు దాన్ని వెనక్కి పెట్టి మనిషిని ముందుకి పంపి ఉంటారు. మూడో కారణం, అంటే అదృష్టం, కూడా ఉండొచ్చు గానీ దాని మీద ఆధారపడి ఎవరూ టెండర్లు పిలవరు కదా.

నేను సైనికుణ్ని కాదు. హైదరాబాద్ బాలానగర్ మెషిన్ షాపుల్లో గేర్లూ షాఫ్టులూ బ్రాకెట్లూ చేయించిన అనుభవం ఉన్నవాణ్ని, అంటే ఒక యంత్రాన్ని చూడగానే ఇది విరిగితే ఎంతలో బాగవుతుంది, ఎవరు చేస్తారు, విడి భాగం ఎక్కడ దొరుకుతుంది అనే ఆలోచన ముందు వచ్చే రకం. ఈ వ్యాసమంతా ఆ వైపు నుంచే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: బాంబు రోబో విలువ అది ఏం చెయ్యగలదు అనేదానికంటే, దాన్ని పోగొట్టుకోవడానికి మనం సిద్ధంగా ఉన్నామా లేదా అనేదానిలో ఎక్కువ ఉంది. మన దేశంలో రోబోలు బాగానే చేస్తున్నాం, పోగొట్టుకోవడమే ఇంకా నేర్చుకోలేదు.

ఈ యంత్రం పుట్టుక కథ తెలిస్తే నా గోల అర్థమవుతుంది. 1972లో ఉత్తర ఐర్లాండ్. ఆ ఏడాది జూలై 21న బెల్‌ఫాస్ట్‌లో ఒక్క మధ్యాహ్నం, గంటన్నర లోపలే, బ్రిటిష్ పాలన మీద తుపాకీ పట్టిన ఐఆర్ఏ అనే సంస్థ ఇరవై దాకా బాంబులు పేల్చింది, తొమ్మిది మంది చనిపోయారు. అప్పటికే బ్రిటిష్ సైన్యం బాంబు నిపుణులు ఒక్కొక్కరుగా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్లకి ఎదురయ్యే పెద్ద సమస్య కారు బాంబు. వీధిలో ఎవరో వదిలేసి పోయిన కారు, లోపల ఏముందో తెలీదు, టైమర్ ఎంతసేపటికి పెట్టారో తెలీదు, అద్దంలోంచి తొంగి చూడాలన్నా దగ్గరికి వెళ్లాల్సిందే. లెఫ్టినెంట్ కల్నల్ పీటర్ మిల్లర్ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. తోటల్లో మట్టీ ఎరువూ మోసుకోవడానికి బ్యాటరీతో నడిచే చిన్న బండి ఒకటి అమ్మేవారు. దాని చట్రం తీసుకుని, ముందు ఒక కొక్కెం పెట్టి, కారు కిందికి పంపి తగిలిస్తే, దూరం నుంచి తాడుతో ఆ కారుని లాగి ఖాళీ జాగాలోకి తేవచ్చు కదా అని. అంతే. ప్రయోగశాల లేదు, పదేళ్ల ప్రాజెక్టు లేదు. తోట సామాన్ల దుకాణంలో దొరికే వస్తువు. అందుకే దాని పేరు కూడా వీల్‌బ్యారో అనే ఉండిపోయింది.

తర్వాత దానికి కెమెరా వచ్చింది, చక్రాలు పోయి ట్యాంకుకి ఉన్నట్టు ట్రాకులు వచ్చాయి, కారు అద్దం పగలగొట్టడానికి షాట్‌గన్ వచ్చింది, అన్నిటికంటే ముఖ్యంగా పిగ్‌స్టిక్ అనే చిన్న గొట్టం వచ్చింది. ఈ గొట్టం సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే బాంబు నిర్వీర్యం అనగానే సినిమాల్లో ఎర్ర వైరా నీలం వైరా అని చెమటలు కక్కుతూ కత్తిరించడమే మనకి గుర్తొస్తుంది. వీలైనంత వరకు వైరు జోలికే వెళ్లరు. గొట్టంలో నీళ్లు నింపి, వెనక ఖాళీ తూటా మందు పేల్చి, ఆ నీటిని విపరీతమైన వేగంతో బాంబు పెట్టె మీదికి కొడతారు. బ్యాటరీ, స్విచ్చి, డిటోనేటర్ ఒకదానికొకటి కరెంటు అందించుకునేలోపే ఆ నీటి దెబ్బ అన్నిటినీ విడదీసి చెల్లాచెదురు చేస్తుంది. పని జరిగితే ముక్కలు మిగులుతాయి, సాక్ష్యంగా కూడా పనికొస్తాయి. కాకపోతే పెద్ద పేలుడే. అప్పుడు పోయేది ఎవరు అన్నదే ప్రశ్న.

ఉత్తర ఐర్లాండ్‌లో ఆ ప్రశ్నకి జవాబు వీల్‌బ్యారో. అక్కడ నాలుగు వందలకి పైగా వీల్‌బ్యారోలు పని చేస్తూ నాశనమయ్యాయని చెబుతారు. నేను ఈ అంకెని ఎంత మందికి చెప్పినా మొదట వచ్చే స్పందన "అయ్యో, అంత వేస్టా" అని. ఒక్క నిమిషం ఆలోచించండి. అందులో సగం సార్లు, పోనీ పదో వంతు సార్లు, ఆ రోబో స్థానంలో ఒక మనిషి ఉండి ఉంటే? నాకు తెలిసి సైనిక సామగ్రిలో ఇంత బాగా ఖర్చయిన డబ్బు ఇంకోటి లేదు. అది ఎలా సాధ్యమైందంటే దాన్ని కనిపెట్టినవాడు మొదటి రోజు నుంచీ అది పోయే వస్తువు అనుకునే చేశాడు కాబట్టి. పోతే దుకాణంలో ఇంకోటి దొరుకుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి. ఇలాంటి బుల్లి ట్రాకుల బండిని మొట్టమొదట యుద్ధంలోకి దించిన వాళ్లలో జర్మన్లు ఒకరు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల గోలియత్ అనేది తీగ కట్టుకుని నడిచే చిన్న బండి, లోపల నిండా పేలుడు మందు, శత్రువు ట్యాంకు కిందికో బంకర్ దగ్గరికో పంపి పేల్చేయడమే దాని పని. వేల సంఖ్యలో చేశారు. అంటే బండి పుట్టింది బాంబుగా, ముప్పై ఏళ్లకి అదే ఆకారం బాంబుని తీసేదిగా మారింది. ఈ ప్రయాణం మళ్లీ వెనక్కి తిరిగింది కూడా, ఆ సంగతి తర్వాత.

2000 తర్వాత కథ అమెరికాది. ఎంఐటీ నుంచి వచ్చిన ముగ్గురు పెట్టిన ఐరోబోట్ కంపెనీ (ఇల్లు ఊడ్చే రూంబా కూడా వాళ్లదే) చేసిన ప్యాక్‌బాట్ 2002లో అఫ్ఘానిస్తాన్ గుహల్లోకి వెళ్లింది. ఆ తర్వాత ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబులు మొదలయ్యాక ప్యాక్‌బాట్, టాలన్ అనే ఇంకో రోబో వేల సంఖ్యలో వెళ్లాయి. ఒక్కోటి లక్ష డాలర్ల పైమాట. అయినా పోగొట్టుకున్నారు, ఎందుకంటే వాళ్లు అక్కడే రోబోల రిపేరు కేంద్రాలు పెట్టారు. పేలిన రోబోని డబ్బాలో వేసి తెస్తే, ఒకదాని చెయ్యి ఇంకోదానికి, ఇంకోదాని ట్రాకు దీనికి వేసి వీలైనంత తొందరగా మళ్లీ యూనిట్‌కి పంపించేవాళ్లు. బాలానగర్ వాణ్ని కదా, నాకు రోబో కంటే ఆ రిపేరు షెడ్డే ఎక్కువ నచ్చింది.

అయితే మనిషి విచిత్రమైన జీవి. పోగొట్టుకోవడానికే తెచ్చిన యంత్రాన్ని కూడా పోగొట్టుకోలేడు. జూలీ కార్పెంటర్ అనే పరిశోధకురాలు వాషింగ్టన్ యూనివర్సిటీలో 23 మంది సైనిక బాంబు నిపుణులతో మాట్లాడి రాసిన అధ్యయనం 2013లో వచ్చింది. వాళ్లు రోబోలకి పేర్లు పెట్టుకున్నారు, కొందరు భార్యల పేర్లే పెట్టారు, అది పేలిపోతే కోపం, బాధ, ఏదో నష్టం జరిగిన భావన వచ్చాయని చెప్పారు. ఇరాక్‌లో స్కూబీ డూ అని పేరు పెట్టుకున్న ఒక ప్యాక్‌బాట్ ముక్కలైపోతే, దాని ఆపరేటర్ ఆ ముక్కలు తెచ్చి కొత్తది వద్దు, దీన్నే బాగుచేసివ్వండి అన్నాడట. ఇంకా వింతైనది అరిజోనాలోని యూమా పరీక్షా స్థలంలో జరిగిన ముచ్చట, 2007లో వాషింగ్టన్ పోస్ట్‌లో వచ్చింది. మార్క్ టిల్డెన్ అనే శాస్త్రవేత్త మందుపాతరల మీద నడిచి వాటిని పేల్చేసే బహుకాళ్ల రోబో చేశాడు. ఒక్కో మైనుకి ఒక్కో కాలు పోతుంది, మిగిలిన కాళ్లతో ముందుకి పాకుతుంది, చివరికి ఒక్క కాలితో దేకుతూ పోతోంది. పరీక్ష అద్భుతంగా జరుగుతోంది. అప్పుడు పర్యవేక్షిస్తున్న కల్నల్ ఆపెయ్యమన్నాడు, ఇది అమానుషం, చూడలేకపోతున్నాను అని.

నవ్వొస్తుంది గానీ, నాకు ఆ కల్నల్ మీద గౌరవమే. మనసున్న మనిషి. కానీ మన దగ్గర రోబో పోకుండా ఆపేది మనసు కాదు, స్టాక్ రిజిస్టర్.

డీఆర్‌డీఓ వాళ్ల బాంబు రోబో దక్ష్ గురించి మాట్లాడదాం. పుణెలోని ఆర్ అండ్ డీఈ ఇంజినీర్స్ ల్యాబ్‌లో తయారైంది. 2011 డిసెంబరులో మొదటి విడత సైన్యానికి అప్పగించారు, ఆర్డరు ఇచ్చింది మొత్తం ఇరవైకి. బరువు 350 కిలోలు. మెట్లెక్కుతుంది, ఎక్స్‌రే తీస్తుంది, నీటి గన్ను ఉంది, తలుపు బద్దలు కొట్టే షాట్‌గన్ ఉంది, అర కిలోమీటరు దూరం నుంచి నడపొచ్చు, అనుమానంగా ఉన్న కారుని లాగగలదు కూడా. ఇంజినీరింగ్ పరంగా మెచ్చుకోవాల్సిందే, అసలు విదేశాల నుంచి కొనకుండా మనమే చెయ్యగలం అని చూపించడమే పెద్ద పని. ఆ తర్వాత చిన్న రకాలు, ఇరుకు సందుల్లోకి దూరే రకాలు కూడా అదే ల్యాబ్ చేసింది. నా గొడవ ల్యాబ్‌తో కాదు. పదకొండు లక్షల పైచిలుకు సైన్యానికి ఇరవై అన్న లెక్కతో నా గొడవ.

సంఖ్య తక్కువైతే ఏమవుతుందో ఊహించడానికి సైన్యంలో ఉండక్కర్లేదు, ఏదైనా ప్రభుత్వ ఆఫీసు స్టోర్ రూమ్‌లోకి తొంగి చూస్తే చాలు. ఖరీదైన వస్తువు ఒకటి వస్తుంది. దానికి రిజిస్టర్‌లో నంబరు పడుతుంది, ఒక మనిషి సంతకం పడుతుంది. ఆ రోజు నుంచీ ఆ మనిషి జీవిత ధ్యేయం ఆ వస్తువు పోకుండా చూసుకోవడం. అది పోతే ఎంక్వైరీ, సంజాయిషీ, రైట్-ఆఫ్ ఫైలు, ఆడిట్ అభ్యంతరం, రిటైర్మెంట్ దాకా వెంటాడే కాగితం. దాంతో పెళ్లి పట్టుచీర బీరువాలో పెట్టుకున్నట్టు రోబోని కవరు కప్పి దాచుకుంటారు. ఏడాదికోసారి బయటికి తీసి వీఐపీలకి చూపిస్తారు. బ్యాటరీలు వాడక పోతాయి, ట్రైనింగ్ అయిన ఆపరేటర్ ట్రాన్స్‌ఫర్ అయిపోతాడు, అసలు రోజు వచ్చేసరికి అది స్టార్టవదు, లేదా నడిపేవాడికి చెయ్యి తిరగదు. అప్పుడు 35 కిలోల బాంబు రక్షణ సూటు వేసుకుని ఒక మనిషి నడుస్తాడు. ఆ మనిషి మీద కూడా పెట్టుబడి పెట్టారు, ఎన్నో ఏళ్ల శిక్షణ ఇచ్చారు, కానీ ఆయన పోతే రిజిస్టర్‌లో ఎర్ర సిరా పడదు, గన్ శాల్యూట్ పడుతుంది. ఇంత కటువుగా రాయడం నాకూ ఇష్టం లేదు.

2016 జనవరి 3న పఠాన్‌కోట్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఎన్‌ఎస్‌జీ బాంబ్ స్క్వాడ్ లెఫ్టినెంట్ కల్నల్ నిరంజన్, చనిపోయిన ఉగ్రవాది శవం దగ్గర ఉన్న పేలుడు పదార్థాన్ని తీస్తుండగా అది పేలి మరణించారు. ఆయన ధైర్యం గురించి దేశమంతా రాసింది, రాయాల్సిందే. ధైర్యం అవసరమే రాకుండా చెయ్యడం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. శవాల కింద గ్రెనేడు పెట్టి ఉండొచ్చు అన్నది ఈ వృత్తిలో పాత విషయం. అలాంటి శవాన్ని దూరం నుంచి కొక్కెం వేసి లాగి తిప్పడం కూడా పాత పద్ధతే. మిల్లర్ చేసిన మొదటి బండికి కెమెరా కూడా లేదు, కొక్కెమూ తాడే ఉన్నాయి.

సరే, మరి రోబోలు వేలకి వేలు కొంటే అయిపోతుందా? కాదు. ఇక్కడే నా వాదనకి ఎదురు తిరిగే సంగతి ఒకటి ఉంది, దాన్ని దాచిపెట్టి రాస్తే మోసం.

రోబో పనికొచ్చేది బాంబు ఎక్కడుందో తెలిశాక. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో లుంబిని పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగిన రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పేలకుండా ఒక బాంబు దొరికింది, బాంబ్ స్క్వాడ్ దాన్ని నిర్వీర్యం చేసింది. అలాంటిది, అంటే ఊళ్లో, సిమెంటు నేల మీద, కంటికి కనిపిస్తున్న సంచి, రోబోకి సరిగ్గా సరిపోయే పని. కానీ అలిపిరిలో 2003 అక్టోబరు 1న ముఖ్యమంత్రి కాన్వాయ్ కింద పేలిన క్లెయిమోర్ మైన్లు, 2025 జనవరి 6న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా అంబేలి దగ్గర వాహనాన్ని లేపేసి ఎనిమిది మంది డీఆర్‌జీ (అక్కడి పోలీసుల డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్) జవాన్లనీ డ్రైవర్‌నీ చంపిన మందుపాతర, ఇవి ముందు ఎవరికీ కనపడలేదు. కనపడని దాని దగ్గరికి రోబోని ఎక్కడికని పంపుతాం?

ములుగు జిల్లా అడవుల్లో ఇది ఇంకా ఘోరం. మావోయిస్టులు వాడింది ఫ్యాక్టరీ మైన్లు కాదు, టిఫిన్ డబ్బాలు, కుక్కర్లు, బీరు సీసాలు, వాటి మీద కాలు పడితే కలిసే రెండు తీగలు. ఇనుము ఎంత తక్కువ ఉంటే మెటల్ డిటెక్టర్ అంత తక్కువ అరుస్తుంది. 2024 జూన్‌లో వాజేడు మండలం కొంగాల అడవిలోకి కట్టెల కోసం వెళ్లిన మనిషి ప్రెజర్ బాంబు మీద కాలేసి చనిపోయాడు. 2025 మే 8న అదే జిల్లాలో ముగ్గురు గ్రేహౌండ్స్ జవాన్లు పోయారు. ఆ అడవిలో ఇప్పుడు కాల్పులు తగ్గినా, పాతిపెట్టిన డబ్బాకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అది అలాగే కూర్చుని ఉంటుంది. అక్కడ 350 కిలోల రోబో మూడడుగులు కూడా వెయ్యలేదు. బండరాళ్లు, వాగులు, వెదురు పొదలు, దానికి తోడు ఎండ. అక్కడ ఇవాళ్టికీ ముందు నడిచేది రోడ్ ఓపెనింగ్ పార్టీ, అంటే దారిలో బాంబులున్నాయేమో ముందుగా చూసే బృందం, వాళ్ల చేతిలో డిటెక్టర్, పక్కన కుక్క. కర్రెగుట్టల ఆపరేషన్‌లో 2025 ఏప్రిల్‌లో రోలో అనే సీఆర్‌పీఎఫ్ జాగిలం తేనెటీగలు కుట్టి చనిపోయింది. బాంబులు వెతకడానికి వచ్చిన కుక్క తేనెటీగల చేతిలో పోవడం, అడవి అంటే ఏమిటో దానికంటే బాగా ఏ రిపోర్టూ చెప్పలేదనిపించింది.

ముక్కుకి పోటీ వచ్చే సెన్సర్ ఇంకా రాలేదు. కంబోడియాలో మగావా అనే ఆఫ్రికా ఎలుక ఐదేళ్లలో 71 మందుపాతరలు పసిగట్టింది, 2020లో దానికి బ్రిటన్‌లోని పీడీఎస్ఏ సంస్థ బంగారు పతకం కూడా ఇచ్చింది. బరువు కిలో పైచిలుకే కాబట్టి మైను మీద నడిచినా పేలదు. కొండని తవ్వి ఎలుకని పట్టారని వెక్కిరిస్తాం గానీ, ఎలుక చెప్పాకే నేల తవ్వడం అక్కడ పద్ధతి.

కాబట్టి వెతకడం వేరు, తీయడం వేరు. అడవిలో వెతకడానికి ముక్కూ డిటెక్టరూ, ఇంకా కొన్నాళ్లకి పైనుంచి డ్రోను. కుక్క కూర్చుని చూపించాక ఆ ఆఖరి ఇరవై ముప్పై మీటర్ల పని మాత్రం మనిషి చెయ్యక్కర్లేదు. ఆ కాస్త దూరానికి కావలసింది 350 కిలోల ఘనుడు కాదు. ఒక జవాను వీపు మీద మోసుకుపోగలిగే, నాలుగు చక్రాల, ఒక కెమెరా, ఒక కొక్కెం, ఒక చిన్న పేలుడు మందు పొట్లాన్ని బాంబు పక్కన వదిలిపెట్టి రాగలిగే బుల్లి బండి. వెనక్కి రాకపోయినా ఎవరూ సంజాయిషీ అడగని బండి. అలాంటివి హైదరాబాద్‌లో నాలుగు వర్క్‌షాపులు కలిస్తే చేస్తాయి, నేను గొప్పకి చెప్పడం లేదు, మోటార్లూ కంట్రోలర్లూ ఇవాళ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుకి చేస్తూనే ఉన్నారు. వాళ్లు చెయ్యలేనిది ఒకటుంది: రేడియో.

ఈ రేడియో గొడవ బయటివాళ్లకి తెలియదు. బాంబు రిమోట్‌తో పేలుస్తారనే భయంతో పోలీసులూ సైన్యమూ వెళ్లే చోటల్లా జామర్ పెడతారు. జామర్ పెడితే బాంబు రిమోట్‌తో పాటు మన రోబో రిమోట్ కూడా చస్తుంది. ఇరాక్‌లో అమెరికన్లకి ఈ తలనొప్పి బాగా అనుభవమైంది, అందుకే రోబో వెనక సన్నటి ఆప్టికల్ ఫైబర్ చుట్ట పెట్టుకుని వదులుకుంటూ పోయే పద్ధతికి వెళ్లారు. తీగకి తీగ కష్టాలు. ఫుకుషిమాలో 2011 ఏప్రిల్‌లో రియాక్టర్ భవనంలోకి మొదట వెళ్లినవి జపాన్ రోబోలు కావు, అమెరికా ప్యాక్‌బాట్లు. అణు ప్రమాదంలోకి పంపగలిగే రోబో ఆ రోజుకి సిద్ధంగా లేక, బాంబుల కోసం చేసినవాటిని తెప్పించుకోవాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన జపాన్ రోబో క్విన్స్, మెట్లెక్కడంలో దిట్ట, ఆ అక్టోబరులోనే రెండో యూనిట్ భవనంలో దాని కేబుల్ దెబ్బతిని అక్కడే ఉండిపోయింది. 2017లో తోషిబా వాళ్ల తేలు లాంటి రోబో ఇంకోటి అదే యూనిట్‌లో ఇరుక్కుపోయింది, దాన్నీ వదిలేశారు. ఎవరూ ఎంక్వైరీ వెయ్యలేదు సరికదా, అది ఆగిపోయిన చోటు దాకా దొరికిన సమాచారంతో తర్వాతి దాన్ని మార్చి చేశారు.

మన దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం గుర్తుందిగా. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది ఇరుక్కుపోయారు, సొరంగం ముఖం నుంచి పద్నాలుగు కిలోమీటర్ల లోపల. బురద, ఆగకుండా ఊరే నీళ్లు, నలిగిపోయిన టన్నెల్ బోరింగ్ మెషిన్ ఇనుము, పైన మళ్లీ ఎప్పుడు కూలుతుందో తెలియని కొండ. సైన్యం, నేవీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి వాళ్లు, ర్యాట్ హోల్ మైనర్లు, అందరూ వచ్చారు. కేరళ పోలీసుల కుక్కలు వచ్చి శవాలున్న చోట్లు వాసన పట్టాయి. ఆ తర్వాత, మార్చిలో, హైదరాబాద్ కంపెనీ రోబోలని లోపలికి తీసుకెళ్లారు, మనుషులు వెళ్లలేని చివరి భాగంలో బురద తీయడానికి. రెండు మృతదేహాలే బయటికి వచ్చాయి, ఏప్రిల్‌లో వెతకడం ఆపేసే నాటికి ఆరుగురు అక్కడే ఉండిపోయారు. ఆ రోబోలు పనికిరానివని నేననను, ఆ పరిస్థితిలో ఏదైనా కష్టమే. కానీ ప్రమాదం జరిగిన రెండు వారాలకి పైగా గడిచాక యంత్రాన్ని పిలిపించి, అక్కడికి తగ్గట్టు అమర్చి, అక్కడే దాని బలహీనతలు తెలుసుకోవడం ఏం పద్ధతి? సింగరేణి లాంటి సంస్థ ఉన్న రాష్ట్రంలో, ఏటా పాత గనుల్లో అలాంటి యంత్రాలని బురదలోకి తోసి, ముంచి, విరగ్గొట్టి, మళ్లీ చేయించి ఉంటే? విరగ్గొట్టడం అనే మాట దగ్గరే మన ఫైలు ఆగిపోతుంది.

ముందు చెప్పిన వెనక్కి తిరిగిన ప్రయాణం సంగతి. 2016 జూలైలో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు పోలీసుల్ని చంపి దాక్కున్న వాణ్ని, పోలీసులు తమ బాంబు రోబో చేతికి సీ4 పేలుడు మందు ఇచ్చి పంపి చంపేశారు. 2022 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో పాలకమండలి పోలీసు రోబోలకి అలాంటి అనుమతి ఇచ్చి, జనం గొడవ చేస్తే వారం తిరిగేసరికి వెనక్కి తీసుకుంది. చవక రోబోలు వేలల్లో కావాలని అడిగేవాడిగా నేను దీన్ని పట్టించుకోకుండా పోలేను. బాంబు పక్కన పొట్లం పెట్టగలిగే బండి మనిషి పక్కన కూడా పెట్టగలదు, ఉక్రెయిన్‌లో ఇప్పుడు రెండు పనులూ చేస్తున్నాయి, గాయపడ్డవాళ్లని మోసుకొస్తున్నాయి కూడా. పోలీసు చేతిలో ఉండే రోబో ఎవరి మీద వాడకూడదో చట్టంలో ముందే రాసి పెట్టుకోవాలి, డాలస్ లాంటి రోజు వచ్చాక కూర్చుని ఆలోచిస్తే ఆ రాత్రి నిర్ణయమే చట్టమైపోతుంది. నాకు మాత్రం ఈ భయం ములుగు అడవిలో కాలు పోయే భయం కంటే పెద్దది కాదు. మీకు కావచ్చు, వాదించండి.

సైన్యంలో ఇంజినీర్స్ కోర్‌లో పనిచేసి వచ్చిన ఒక మిత్రుడితో ఇదంతా మాట్లాడితే ఆయన ఒక్క మాటతో కొట్టిపారేశాడు: "చవక దానికి సరిగ్గా అవసరమైనప్పుడే సిగ్నల్ పోతుంది, అది బాంబు మీదెక్కి ఆగిపోయిందనుకో, ఇప్పుడు నాకు ఒక బాంబు, దాని మీద ఒక చెత్త, రెండూ తీయాలి." నిజమే. దీనికి నా దగ్గరున్న జవాబు పూర్తిది కాదు గానీ, ఇది: ఆగిపోతే ఇంకోటి పంపు, అది కొక్కెం వేసి మొదటిదాన్ని లాగుతుంది. అందుకే జతలుగా కొనాలి, ఒక్కోటి కొనకూడదు. ఖరీదైన భాగమంతా, అంటే రేడియో, స్క్రీను, ఆపరేటర్ పెట్టె, వెనక సురక్షితంగా ఉండాలి. ముందుకెళ్లే భాగం చక్రాలూ మోటార్లూ కెమెరా మాత్రమే, దాన్ని స్టోర్స్ లెక్కలో తూటాల వరుసలో రాయాలి, వాహనాల వరుసలో కాదు. పేల్చిన తూటాకి ఎవరూ సంజాయిషీ అడగరు, ఎన్ని ఖర్చయ్యాయో రాసుకుంటారు అంతే. ట్రైనింగ్‌లో కూడా ప్రతి స్క్వాడ్ ఏడాదికి కొన్ని కచ్చితంగా నాశనం చెయ్యాలని పెట్టండి, చెయ్యకపోతే అప్పుడు సంజాయిషీ అడగండి.

మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. తూటాల వరుసలో రాయాలంటే ఏ కమిటీ కూర్చోవాలో, దాని మీద ఏ కమిటీ కూర్చోవాలో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు, రెండో చేతికి వచ్చాక నేనే ఆపమన్నాను.